రాష్ట్ర ప్రభుత్వంలో ముఖ్య సాంకేతిక అధికారి పోస్టును ఎలా ఏర్పాటు చేయాలి?

రేషన్ కార్డుల వివరాలు ఒక శాఖ దగ్గర, భూముల రికార్డులు మరో శాఖ దగ్గర, పింఛన్ల జాబితా ఇంకో శాఖ దగ్గర ఉంటాయి. ఎవరి సాఫ్ట్‌వేర్ వారిది, ఎవరి కాంట్రాక్టు సంస్థ వారిది. ఒకే మనిషి పేరు మూడు చోట్లా మూడు రకాలుగా నమోదై ఉంటుంది. ఏ కార్యదర్శిని అడిగినా తన శాఖ వరకే చెప్పగలరు. మూడింటికీ కలిపి జవాబు చెప్పాల్సింది ఎవరంటే పేరు దొరకదు. ముఖ్య సాంకేతిక అధికారి, అంటే సీటీవో, పోస్టు అవసరం అక్కడే పుడుతుంది. ఐటీ శాఖ ఉంది కదా అనవచ్చు. పెట్టుబడులు తెచ్చి, కంపెనీలకు స్థలాలూ రాయితీలూ ఇచ్చే పని వేరు, ప్రభుత్వం లోపలి వ్యవస్థలను చక్కదిద్దే పని వేరు. రెండో పనికి పూర్తికాలపు మనిషి కావాలి.

ముందు లెక్క తీయండి

జీవో ముసాయిదా రాయడానికి ముందే అన్ని శాఖల నుంచి ఒక పట్టిక తెప్పించండి. ఏయే వ్యవస్థలు నడుస్తున్నాయి, ఎప్పుడు కట్టారు, ఎవరు నిర్వహిస్తున్నారు, కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుంది, డేటా ఏ సర్వర్లలో ఉంది, సోర్సు కోడ్ (సాఫ్ట్‌వేర్‌ను మార్చడానికి కావాల్సిన అసలు ప్రోగ్రాం రాత) ఎవరి చేతిలో ఉంది అన్న గడులు అందులో ఉండాలి. చివరి గడి ఖాళీగా వచ్చిన ప్రతి వ్యవస్థ దగ్గరా ఎర్ర గుర్తు పెట్టండి. కొత్త అధికారి పని మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే.

ఈ లెక్క లేకపోతే ఏమవుతుందో 2020 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం చూపించింది. కొవిడ్‌తో ఉద్యోగాలు పోయినవారి దరఖాస్తులు వెల్లువెత్తాయి. వాటిని చూడాల్సిన పాత కంప్యూటర్లు కోబాల్ అనే పాతతరం భాషలో నడుస్తున్నాయి. ఆ భాష తెలిసినవారు స్వచ్ఛందంగా ముందుకు రావాలని గవర్నర్ ఫిల్ మర్ఫీ బహిరంగంగా కోరాల్సి వచ్చింది. (అక్కడ గవర్నరంటే ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వాధినేత.)

చట్టపరమైన పునాది

ఒక జీవోతో వచ్చిన పోస్టు ఇంకో జీవోతో పోతుంది. పోస్టు నిలబడాలంటే రాజ్యాంగంలోని 166(3) అధికరణ కింద రూపొందిన రాష్ట్ర బిజినెస్ రూల్స్‌లో, అంటే ప్రభుత్వ పనులు ఎలా సాగాలో చెప్పే నిబంధనల్లో, దానికి చోటు ఉండాలి. ఆర్థిక శాఖ సమ్మతి లేకుండా ఖర్చు ప్రతిపాదనలు ముందుకు కదలవు. అదే పద్ధతిలో, నిర్దేశించిన మొత్తానికి మించిన ప్రతి సాంకేతిక ప్రతిపాదనా సీటీవో అభిప్రాయంతోనే ముందుకు వెళ్లాలని ఆ నిబంధనల్లో రాయించండి. శాసనసభలో చట్టం చేయగలిగితే ఇంకా గట్టిగా ఉంటుంది. అమెరికా కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో ముఖ్య సమాచార అధికారుల పోస్టులు 1996 నాటి క్లింగర్-కోహెన్ చట్టంతోనే వచ్చాయి.

ఇక ఆ అధికారి ఎవరి కింద ఉండాలి? నా దృష్టిలో ప్రధాన కార్యదర్శి కింద, కార్యదర్శి హోదాతో ఉండాలి. ఏదో ఒక శాఖలో సలహాదారుగా కూర్చోబెడితే మిగతా శాఖలు ఆయన రాసిన నోటును ఫైలులో ఉంచి తమ దారిన తాము పోతాయి.

టెండరు మీద సంతకం

ఈ పోస్టుకు బలం వచ్చేదీ పోయేదీ ఇక్కడే కాబట్టి కొంచెం ఆగి చూడాలి. ఒక టెండరు పత్రంలో “200 కంప్యూటర్లు, 40 స్కానర్లు, ఒక సాఫ్ట్‌వేర్ సరఫరా చేయాలి” అని ఉందనుకోండి. అవన్నీ వస్తాయి, బిల్లులూ చెల్లిపోతాయి, దరఖాస్తుదారుడు మాత్రం కార్యాలయం చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. అదే పత్రంలో “ఆదాయ ధ్రువపత్రం మూడు పని దినాల్లో అందాలి, ఆ మాట నిలబెట్టుకున్న మేరకే త్రైమాసిక చెల్లింపు” అని ఉంటే కాంట్రాక్టు సంస్థ ధ్యాసంతా ఆ మూడు రోజుల మీదే ఉంటుంది. సీటీవో చేయాల్సింది ఈ వాక్యాలను మార్చడమే. ఆయన ఆమోదం లేనిదే టెండరు విడుదల కాకూడదు.

సోర్సు కోడ్, డేటా ప్రభుత్వానివేనని, కాంట్రాక్టు ముగిసినప్పుడు కొత్తవారికి పని అప్పగించే గడువు ఇంత అని, బ్యాకప్ పనిచేస్తోందో లేదో ఏటా పరీక్షించాలని ప్రతి ఒప్పందంలోనూ ఉండాలి. వర్జీనియా రాష్ట్రం తన కంప్యూటర్ వ్యవస్థల్ని చాలావరకు ఒకే ప్రైవేటు సంస్థకు అప్పగించింది. 2010 ఆగస్టులో డేటా నిల్వ పరికరాలు చెడిపోయి 20కి పైగా ప్రభుత్వ సంస్థల పని ఆగింది. డ్రైవింగ్ లైసెన్సుల జారీ రోజుల తరబడి నిలిచిపోయింది. అప్పగించడంతో బాధ్యత తీరిపోదని అక్కడివారు కష్టపడి తెలుసుకున్నారు.

అతి తక్కువ ధర కోట్ చేసిన సంస్థకే పని ఇచ్చే అలవాటు మీద కూడా సీటీవో ఆర్థిక శాఖతో మాట్లాడాలి. కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో ఇచ్చిన మార్గదర్శకాలు, నాణ్యత కీలకమైన కొన్ని పనుల్లో ధరతో పాటు నాణ్యతకూ 30 శాతం వరకు మార్కులు ఇవ్వడానికి వీలు కల్పించాయి. రాష్ట్రాలకు సొంత కొనుగోలు నిబంధనలు ఉన్నా, చర్చకు ఇది మంచి ఆధారం.

మనిషి ఎంపిక

ఐఏఎస్ అధికారే కావాలన్న పట్టుదల వద్దు, బయటివారే గొప్ప అన్న నమ్మకమూ వద్దు. పెద్ద వ్యవస్థలను కట్టి, నడిపి, పాడైనప్పుడు రాత్రంతా కూర్చుని బాగు చేసిన అనుభవం చూడండి. రాజ్యాంగంలోని 309 అధికరణ కింద సర్వీసు నిబంధనలు రూపొందించి, కనీసం మూడేళ్ల పదవీకాలం రాతపూర్వకంగా ఇవ్వండి. ఏడాదికో బదిలీ అయితే ఏ వ్యవస్థా కుదురుకోదు. బయటి నుంచి వచ్చేవారు ఐటీ కంపెనీల్లో తమకున్న వాటాలను ప్రకటించాలి. పదవి వీడాక కొంతకాలం పాటు ప్రభుత్వ కాంట్రాక్టులున్న సంస్థల్లో చేరకూడదన్న షరతు ముందే పెట్టాలి.

ఒంటరిగా ఎవరూ ఏమీ చేయలేరు. ప్రభుత్వ జీతం మీద పనిచేసే ఇంజినీర్లు, డిజైనర్లు, కొనుగోళ్ల నిపుణులతో పదిహేను మంది బృందం చాలు. 1976 నుంచి ఉన్న కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీకి జిల్లాల్లోనూ సిబ్బంది ఉన్నారు. వారితో పోటీ పెట్టుకోకుండా కలిసి పనిచేసేలా బాధ్యతలు విడదీసి రాయండి.

సమాచార భద్రతకు మాత్రం వేరే అధికారి ఉండాలి. సైబర్ దాడి దృష్టికి వచ్చిన ఆరు గంటల్లోపు కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 ఆదేశాలున్నాయి. ఆ ఆరు గంటల్లో ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో ముందే రాసి పెట్టుకోవాలి.

తొలి వంద రోజులు

పెద్ద ప్రకటనలేవీ చేయకుండా ఒక్క సేవను ఎంచుకోమనండి. సీటీవో స్వయంగా వెళ్లి సేవాకేంద్రం కౌంటర్ పక్కన ఒక రోజంతా కూర్చోవాలి. ఒకామె తెచ్చిన కాగితాల కట్టలో రేషన్ కార్డు నకలు ఉంటుంది. అది ప్రభుత్వమే ఇచ్చిన కార్డు, ఆ వివరాలు ప్రభుత్వ సర్వర్‌లోనే ఉన్నాయి. అయినా ఆమె జిరాక్సు తీయించి, సంతకం పెట్టి, ఇంకో ప్రభుత్వ కార్యాలయానికి ఇస్తోంది. ఆ ఒక్క జిరాక్సు అవసరం లేకుండా చేయడమే మొదటి లక్ష్యంగా పెట్టుకోవాలి. అది తీరాక దరఖాస్తుకు ఎన్ని కాగితాలు తగ్గాయో, ఎన్ని రోజులు తగ్గాయో లెక్కగట్టి, తర్వాతి సేవ పేరుతో కలిపి ప్రధాన కార్యదర్శికి ఒకే పేజీలో నివేదిక ఇవ్వాలి.