పాత పూల్ స్టిక్, పాత బాల్స్ కొనాలంటే ఏమేం చూడాలి?

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా సాయంత్రం పూట పూల్ (స్టిక్‌తో బాల్స్ కొట్టి టేబుల్ జేబుల్లో వేసే ఆట) పార్లర్‌కి పోతే టేబుల్ ఖాళీగా దొరకడం కష్టమే. అలాంటిదే ఇంకో ఆట స్నూకర్, దాని టేబుల్ 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, చుట్టూ స్టిక్ ఆడించడానికి జాగా కూడా కలిపితే పెద్ద హాలే కావాలి. పూల్ టేబుల్ అలా కాదు, 7, 8, 9 అడుగుల్లో దొరుకుతుంది, అంతకంటే చిన్న గదిలో పట్టేస్తుంది, ఎయిట్ బాల్ ఆట (పూల్‌లో ఎక్కువమంది ఆడే రకం) కాసేపట్లో అర్థమవుతుంది, గేమ్ తొందరగా తేలిపోతుంది. చిన్న పట్టణాల్లో ఇంత గిరాకీ అందుకే. ఆడేవాళ్లు పెరిగేకొద్దీ సొంత స్టిక్ కావాలనే వాళ్లు, పాతవి కొని దాచుకుంటే రేటు పెరుగుతుందా అని అడిగేవాళ్లు కూడా పెరుగుతున్నారు.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఆడటానికి కొంటున్నారా, దాచడానికా? నన్నడిగితే ఆడటానికి పనికొచ్చేదే కొనండి, రేపు రేటు పెరగకపోయినా చేతిలో మంచి స్టిక్ మిగులుతుంది. ఫ్యాక్టరీలో వేలల్లో తయారయ్యే కొత్త స్టిక్ ఎంత పెద్ద కంపెనీదైనా కొన్న మరుసటి రోజు నుంచే రేటు తగ్గుతుంది. రేటు పెరిగేవి కొన్నే ఉంటాయి. చేత్తో చేసినవి, చేసిన మనిషికి పేరున్నవి, ఇక కొత్తగా రానివి, ఎవరూ చెడగొట్టనివి. అమెరికాలో జార్జ్ బలబుష్కా 1959 నుంచి 1975లో చనిపోయేదాకా చేసిన స్టిక్‌ల కోసం ఇప్పటికీ వెతుకుతుంటారు, కాబట్టే వాటికి నకిలీలు కూడా ఎక్కువ. అలాంటిది తక్కువ రేటుకి ఇస్తానని ఎవరైనా అంటే నమ్మకండి.

మన దగ్గర దొరికే అవకాశమున్నవి వేరే. స్నూకర్ పుట్టిందే 1875లో జబల్‌పూర్‌లో, అక్కడి బ్రిటిష్ సైనికాధికారుల మధ్య. 1958లో కలకత్తాలో మన ఆటగాడు విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ టైటిల్ గెలిచాడు. అంతకాలం ఆడిన దేశం కాబట్టి పాత క్లబ్బులు మూసినప్పుడో, పెద్ద బంగళాలు ఖాళీ చేసినప్పుడో ఇంగ్లండ్‌లో చేసిన స్టిక్‌లు బయటికొస్తాయి. బరోస్ అండ్ వాట్స్, థర్స్టన్, రైలీ లాంటి కంపెనీల పేర్లతో పిడి దగ్గర చిన్న బిళ్ల ఉందేమో చూడండి. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌కి (గురువారం జరిగే పాత సామాన్ల సంత) పోయినప్పుడు పాత సామాను కుప్పల్లో కూడా ఓ కన్నేసి ఉంచండి, అయితే తెల్లారకముందే టార్చ్ వెలుతురులో బేరం చేసి పైసలు ఇచ్చెయ్యకండి.

ఇక పరీక్ష. స్టిక్‌ని టేబుల్ మీద దొర్లించి చూస్తారు చాలామంది, కానీ టేబుల్ సమంగా లేకపోతే మంచి స్టిక్ కూడా ఎగిరినట్టే కనబడుతుంది. అందుకని పిడిని కంటి దగ్గర పెట్టుకుని టిప్ (బాల్‌కి తగిలే కొన) వైపు చూస్తూ నిదానంగా తిప్పండి, వంకర ఉంటే ఒక చోట పక్కకి పోయి మళ్లీ వస్తుంది. రెండు ముక్కలదైతే ఒక్కో ముక్కను విడిగా చూసి, బిగించాక ఇంకోసారి చూడండి. పిడిలో నల్లచెక్క, లేతచెక్క కలిసే చోట గోరు ఆడించి చూడండి. చెక్కలా కనబడేలా అతికించిన స్టిక్కర్ అయితే దాని అంచు గోరుకి తగులుతుంది, నిజంగా చెక్కలో చెక్క పొదిగితే తగలదు. స్నూకర్ స్టిక్‌లలో ఆ అతుకుల కొనలు గుండ్రంగా ఉంటే చేతిపని అయ్యే అవకాశం ఎక్కువ, సూదిలా ఉంటే మెషిన్ పని. తర్వాత బరువు: పూల్ స్టిక్ మామూలుగా 18 నుంచి 21 ఔన్సులు, అంటే దాదాపు 510 నుంచి 600 గ్రాములు. స్నూకర్ టిప్ 9, 10 మిల్లీమీటర్లు ఉంటే అమెరికన్ పూల్ టిప్ 12, 13 ఉంటుంది. పాత స్నూకర్ స్టిక్‌తో పూల్ ఆడినా పర్లేదు కానీ బ్రేక్ (మొదట బాల్స్ చెదరగొట్టే దెబ్బ) మాత్రం పార్లర్ స్టిక్‌తోనే కొట్టండి, బరువైన బాల్స్‌కి సన్నని కొన పగలొచ్చు.

బాల్స్ దగ్గర చాలా జాగ్రత్త. వెనకట బిలియర్డ్ బాల్స్ ఏనుగు దంతంతో చేసేవారు, తర్వాత సెల్యులాయిడ్ వచ్చింది, ఇప్పుడు మంచివన్నీ ఫినాలిక్ రెసిన్ అనే గట్టి ప్లాస్టిక్‌వే. దంతపు బాల్ మీద వలలాగా అడ్డంగా కోసుకునే సన్నని గీతలు కనిపిస్తాయి. కనిపిస్తే అక్కడే పెట్టేసి రండి, వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దంతం కొనడం అమ్మడం నేరం, తాతలనాటిదని చెప్పినా చెల్లదు. రెసిన్ సెట్ అయితే వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి, పూల్ బాల్ 57.15 మిల్లీమీటర్లు, స్నూకర్ బాల్ 52.5. ఒక బాల్ పోయి వేరే సెట్‌ది కలిపిన 16 బాల్స్‌కి అసలు సెట్ రేటు ఇవ్వకండి.

ఇంటికి తెచ్చాక మన ఎండలే పెద్ద శత్రువు. ఏప్రిల్, మేలో మూసిన కారులో గంటసేపు వదిలేసినా చెక్క వంగొచ్చు, గోడకి ఏటవాలుగా ఆనించినా అంతే. పడుకోబెట్టండి, లేదా నిలువుగా వేలాడదీయండి. వానాకాలంలో పొడిబట్టతో తుడిస్తే చాలు. పాతది మెరవాలని గరుకు కాగితంతో రుద్ది కొత్త వార్నిష్ కొట్టకండి, దాచుకునేవాళ్లు పైసలిచ్చేది ఆ పాత పూతకే. టిప్ అరిగితే మార్చుకోవచ్చు, అది అరిగిపోయే సామానే. బిళ్లని మాత్రం ముట్టుకోవద్దు.

కొన్నరోజే బిల్లు, లేకపోతే అమ్మినవాళ్ల చేత రెండు మాటలు రాయించుకుని, బిళ్ల, అతుకులు, జాయింట్ ఫోటోలు తీసి ఒక్కచోట పెట్టండి. ఏ క్లబ్‌ది, ఎవరు ఆడారు అన్నదానికి కాగితం ఉంటే రేటు వేరు, నోటిమాటకి రేటు వేరు.

అమ్మేటప్పుడు తొందరపడితే నష్టం. బంగారంలాగా పొద్దున పోయి సాయంత్రానికి అమ్ముకుని వచ్చేది కాదు, సరైన మనిషి దొరికేదాకా నెలలు పట్టొచ్చు, కాబట్టి పిల్లల ఫీజు పైసలు దీంట్లో పెట్టకండి. ఆన్‌లైన్‌లో పెడితే అడ్వాన్స్ పంపుతా, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అని ఫోన్లు వస్తాయి. పైసలు మన ఖాతాలోకి రావడానికి పిన్ అక్కర్లేదు, ఫోన్ పెట్టేయండి. కొనేవాళ్లని పార్లర్‌కే రమ్మని చెప్పి, ఒక ఫ్రేమ్ ఆడించి, ఆ తర్వాతే రేటు మాట్లాడండి.