రోడ్డు ప్రమాదంలో గాయపడితే నష్టపరిహారం కోరడం ఎలా?

గాయపడిన మనిషిని ఆసుపత్రిలో చేర్చే హడావుడిలో, దెబ్బ ఎలా తగిలిందని అడిగితే, పోలీసు కేసు ఎందుకన్న భయంతో బంధువులు "బండి మీద నుంచి జారిపడ్డాడు" అని చెప్పేస్తుంటారు. తర్వాత నష్టపరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో బీమా కంపెనీ న్యాయవాది పట్టుకునేది ఆ ఒక్క వాక్యాన్నే. కాబట్టి ఏ వాహనం ఢీకొన్నదో ఆసుపత్రి రికార్డులో ఉన్నదున్నట్టు రాయించి, మెడికో లీగల్ కేసుగా (అంటే ఆసుపత్రి పోలీసులకు తెలియజేసే కేసుగా) నమోదయ్యేలా చూసుకోవాలి. పోలీసు ఫిర్యాదు ఆలస్యమైతే అందుకు కారణాన్ని అందులోనే రాయాలి.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 166వ సెక్షన్ కింద, వాహన యజమానిని, బీమా కంపెనీని ప్రతివాదులుగా చేర్చి మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలి. ప్రమాదం విజయవాడ దగ్గర జరిగినా, బాధితుడు వరంగల్‌లో నివసిస్తుంటే అక్కడి ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన సవరణ ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలంటుంది కనుక, చికిత్స పూర్తికాలేదని ఆగకూడదు. ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, గాయాల సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, మందుల బిల్లులు, ఆదాయ రుజువులు జతచేయాలి.

చాలామంది పొరబడేది వైకల్యం శాతం దగ్గర. చేయి వైకల్యానికి వైద్యుడు వేసిన శాతం వేరు, ఆ గాయం వల్ల సంపాదన తగ్గిన శాతం వేరు. రాజ్‌కుమార్, అజయ్‌కుమార్ కేసులో 2010లో సుప్రీంకోర్టు స్పష్టం చేసినదిదే. కుడి చేయి సరిగా పైకి లేవకపోవడం గుమాస్తా కంటే తాపీ మేస్త్రీకి ఎక్కువ నష్టం. నెలకు 15,000 రూపాయలు సంపాదించే 32 ఏళ్ల మేస్త్రీకి సంపాదన 30 శాతం తగ్గిందని ట్రిబ్యునల్ నమ్మితే, ఏడాది నష్టాన్ని ఆ వయసుకు వర్తించే గుణకం 16తో హెచ్చిస్తే ఆ ఒక్క పద్దు కిందే 8,64,000 రూపాయలు వస్తుంది. అందుకే సర్టిఫికెట్ దాఖలు చేసి ఊరుకోకుండా, చికిత్స చేసిన వైద్యుణ్ణి సాక్షిగా పిలిపించి, ఏ పని చేయలేకపోతున్నారో చెప్పించాలి. ఆసుపత్రి ఖర్చులు, నొప్పి, బాధ, కోల్పోయిన రోజుల ఆదాయం, రవాణా ఖర్చు వేర్వేరు పద్దులు.

ఢీకొన్న వాహనం ఏదో తెలియకపోతే, 161వ సెక్షన్ కింద తీవ్ర గాయానికి 50,000 రూపాయలు మాత్రమే వస్తాయి.

లోక్ అదాలత్‌లో రాజీ త్వరగా తేలుతుంది, అయితే ఆ అవార్డు (తీర్పు)పై అప్పీలు ఉండదు. ఎముకలో వేసిన రాడ్డును తర్వాత తీయించాల్సి ఉంటే, ఆ ఆపరేషన్ ఖర్చు అంచనాను వైద్యుడితో రాయించుకున్నాకే సంతకం పెట్టాలి.