పేదపిల్లలకు బొమ్మలు నేర్పదలచినవారికి

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో పేదపిల్లలకు స్వచ్ఛందంగా చిత్రకళ నేర్పదలచినవారు రంగుపెట్టెలు కొనకముందే అనుమతి తీసుకోవాలి. పాఠశాలలో ప్రధానోపాధ్యాయునికి, సంక్షేమ వసతిగృహంలో వార్డెనుకు ఏ రోజు, ఏ వేళకు, ఎన్ని నెలల పాటు రాగలరో వ్రాసి ఇవ్వండి. పాఠం జరిగేటప్పుడు అక్కడి సిబ్బందిలో ఒకరు గదిలో ఉండాలని కోరండి. సంరక్షణ గృహాల్లోని పిల్లల ఫొటోలు, పేర్లు ప్రచురించడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం నిషేధిస్తుంది కనుక, సెల్‌ఫోనుతో బొమ్మలనే తీయండి, పిల్లలను కాదు.

మొదటి పాఠానికి సుద్దముక్క, బొగ్గు, పాత పత్రికలు చాలు. ఖరీదైన రంగులు మీతోనే వచ్చి మీతోనే పోతాయి. మీరు రాని వారం కూడా పిల్లల చేతికి అందేవాటితోనే నేర్పడం మేలు. నల్లబల్లపై బొమ్మ వేసి చూసి గీయమనకండి. తిరుపతికి ఉత్తరాన శేషాచలం కొండలు కళ్ళెదుటే ఉన్నా, కొండ గీయమంటే చాలామంది పిల్లలు రెండు త్రికోణాలు గీసి నడుమ సూర్యుణ్ణి పెడతారు (ఉత్తరాన సూర్యుడు ఎలా ఉదయిస్తాడని ఎవరూ అడగరు). వారిని ఆవరణలోకి తీసుకువెళ్ళి, ఆకాశం కొండను తాకే అంచును మాత్రమే, ఎడమ నుంచి కుడికి, చెయ్యెత్తకుండా ఒకే గీతగా గీయమనండి. గీత వంకర పోయినా బొగ్గు మీ చేతిలోకి తీసుకోకండి; మళ్ళీ కొండవైపు చూడమనడమే దిద్దుబాటు.

చేయి కుదిరాక, వెదురు కలంతో గుడ్డపై బొమ్మలు గీసే, దగ్గరలోని శ్రీకాళహస్తి కలంకారీ పద్ధతిని పరిచయం చేయవచ్చు. వెదురుపుల్ల కొసను పెద్దలే చెక్కి ఇవ్వాలి. కొసకు కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగించడం పిల్లలు చేయగలరు. ఆ ఉన్ని రంగును పీల్చుకుని, వ్రేలితో నొక్కినకొద్దీ వదులుతుంది. ఇనుపముక్కలు, బెల్లం నీళ్ళలో వారాల తరబడి పులిస్తే వచ్చే నలుపును ముందుగా మీ ఇంట్లోనే సిద్ధం చేసుకోండి, వాసన మాత్రం భరించాలి. కరక్కాయ పొడి, పాలు కలిపిన నీటిలో నానబెట్టి ఆరవేసిన నూలుగుడ్డపై గీస్తే, పాల కొవ్వు వల్ల రంగు పాకదు, కరక్కాయలోని వగరు తగిలి, మొదట లేతగా ఉన్న గీత నల్లబడుతుంది. ఆ మార్పును పిల్లలే కనిపెట్టేలా, పక్కనే మామూలు గుడ్డముక్కపైనా ఒక గీత గీయించండి.

పరీక్షల నెలలో పాఠాలు ఆపివేయండి. పూర్తిగా మానుకోవలసి వస్తే కొన్ని వారాల ముందే చెప్పి, కలం కట్టడం పెద్ద తరగతి పిల్లలకు అప్పగించి, మిగిలిన గుడ్డను పాఠశాల బీరువాలో ఉంచండి.