హాంకాంగ్‌లో మూడు తర్వాత ఎనిమిదే: తుపాను నెలల్లో వెళ్లేవారికి జాగ్రత్తలు

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు పెరిగినవాళ్లకు "ఓడరేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు" అన్న వార్త చిన్నప్పటి నుంచీ అలవాటే. అది ఓడలకూ, వేటకు వెళ్లే పడవలకూ చెప్పే మాట. ఊళ్లో మన పనులు మనం చేసుకుంటూనే ఉంటాం. అదే ధోరణిలో హాంకాంగ్ వెళ్తే మాత్రం ఇబ్బంది పడతాం. అక్కడ ఆ నంబరు ఊరందరిదీ. ఎనిమిది ఎక్కిందంటే ఆఫీసులు, బడులు, చాలా వరకు దుకాణాలు మూతపడతాయి. ఫెర్రీలు, ట్రాములు ఆగిపోతాయి. బస్సులు కూడా ఒకటొకటిగా డిపోలకు వెళ్లిపోతాయి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా అక్కడ తుపానుల జోరు ఎక్కువ. మన పిల్లల దసరా సెలవులు వచ్చే అక్టోబరులో కూడా ముప్పు పూర్తిగా పోదు. ఆ నెలల్లో వెళ్లొద్దని నేను చెప్పను. వెళ్లేవాళ్లు ముందుగా ఆ నంబర్లు తెలుసుకోవాలి.

నంబర్లు 1, 3, 8, 9, 10. మధ్యలోవి లేవు. "ఇప్పుడు మూడే కదా, నాలుగూ అయిదూ వచ్చాక చూద్దాం" అనుకున్నవాళ్లు వీధిలో చిక్కుకుపోతారు. ఒకప్పుడు 5 నుంచి 8 దాకా ఉన్న నాలుగు నంబర్లు నాలుగు దిక్కుల గాలిని సూచించేవి. 1973లో నాలుగింటినీ ఎనిమిది కిందికే చేర్చారు. అందుకే మూడు తర్వాత నేరుగా ఎనిమిదికి వెళ్తుంది.

ఒకటి అంటే తుపాను 800 కిలోమీటర్ల లోపుకి వచ్చిందని. బయట ఎండ కాస్తూ ఉండొచ్చు, ఊరు మామూలుగానే ఉంటుంది. మీ పని మాత్రం అప్పుడే మొదలవ్వాలి. అక్కడి వాతావరణ శాఖ అయిన హాంకాంగ్ అబ్జర్వేటరీ వాళ్ల 'మై అబ్జర్వేటరీ' యాప్ ఇక్కడి నుంచే ఫోన్లో వేసుకుని వెళ్లండి, నోటిఫికేషన్లు ఆన్ చేసి ఉంచండి. తిరుగు ప్రయాణం రెండు మూడు రోజుల్లో ఉంటే టికెట్ మార్చుకునే వీలు ఉందేమో ఆ రోజే చూసుకోండి.

మూడు ఎక్కితే దీవుల ప్రయాణం మానుకోండి. లామా, చూంగ్ చౌ లాంటి చోట్లకు పొద్దున్నే పడవలో వెళ్లి, సాయంత్రం పడవ లేక అక్కడే ఉండిపోయే పరిస్థితి రావచ్చు. మకావు కూడా అంతే. లాంటౌలో పెద్ద బుద్ధ విగ్రహం దగ్గరికి వెళ్లే కేబుల్ కారు గాలి పెరిగితే ఆపేస్తారు. డిస్నీల్యాండ్ టికెట్ ముందే కొని ఉంటే వాతావరణం వల్ల మూసేస్తే ఏం చేస్తారో నిబంధనల్లో చదివి పెట్టుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైన సమయం ఎనిమిదికి ముందున్న రెండు గంటలు. ఎనిమిది ఎక్కించబోతున్నామని అబ్జర్వేటరీ దాదాపు రెండు గంటల ముందే ప్రకటిస్తుంది. ఆ ప్రకటన రాగానే ఊరు ఊరంతా ఒక్కసారిగా ఇంటిదారి పడుతుంది. మెట్రో ప్లాట్‌ఫారాల మీద కాలు పెట్టే చోటుండదు. అమ్మానాన్నలను, చిన్నపిల్లలను తీసుకెళ్లినవాళ్లు ఆ ప్రకటన కోసం కూడా ఆగకండి. "ఇవాళ ఎక్కించవచ్చు" అన్న సూచన కనబడగానే హోటల్‌కి దగ్గరలోకి వచ్చేయండి. చూడాల్సినవి మిగిలిపోతే పోనీయండి. పెద్దవాళ్లను ఆ రద్దీలో నిలబెట్టడం కన్నా అదే నయం.

మెట్రో ఎనిమిదిలో కూడా తక్కువ రైళ్లతో నడుస్తుంది. తొమ్మిది, పది వస్తే నేల మీద నడిచే మార్గాలు ఆగిపోతాయి. విమానాశ్రయం వైపు వెళ్లేది కూడా ఆగిపోవచ్చు. టాక్సీలు దొరకడం కష్టం, దొరికినా మామూలు కన్నా చాలా ఎక్కువ అడుగుతారు. బస్సు, మెట్రో చార్జీలు కట్టే ఆక్టోపస్ కార్డులో డబ్బు ఉండాలి, చేతిలో కాస్త నగదు కూడా ఉండాలి. హోటల్ పేరు, చిరునామా చైనా లిపిలో ఉన్న కార్డు రిసెప్షన్‌లో ఇస్తారు. అది ప్రతి ఒక్కరి జేబులో ఒకటి పెట్టండి.

ఇక తిండి సంగతి. ఎనిమిది ఎక్కాక సెవెన్ ఇలెవెన్ లాంటి చిన్న దుకాణాలు చాలా చోట్ల తెరిచే ఉంటాయి. కానీ శాకాహారులకు అక్కడ దొరికేది తక్కువ. కప్పు నూడుల్స్‌లో పంది కొవ్వో రొయ్యల పొడో ఉంటుంది. కూరగాయల వంటకంలో కూడా ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ వేస్తారు. మూడు నంబరు రోజునే బ్రెడ్డు, అరటిపళ్లు, పాలు, మంచినీళ్లు కొని గదిలో పెట్టుకోండి. హోటల్ గదుల్లో మామూలుగా నీళ్లు కాచే కెటిల్ ఉంటుంది. ఇంటి నుంచి వేడినీళ్లు పోస్తే అయిపోయే ఉప్మా, పులిహోర ప్యాకెట్లు, ఒక డబ్బా కందిపొడి తీసుకెళ్తే ఒక రోజు గడిచిపోతుంది. ప్లగ్గు అక్కడ మూడు చదరపు పిన్నులది, మన చార్జర్ సరిపోదు. అడాప్టర్ లేకపోతే తుపాను రోజున ఫోను చచ్చిపోతుంది.

గదిలోకి చేరాక కిటికీ దగ్గర కూర్చోకండి. 2018 సెప్టెంబరు 16న మాంగ్‌ఖుట్ తుపాను వచ్చినప్పుడు ఎత్తయిన భవనాల అద్దాలు పగిలి కాగితాల్లా ఎగిరాయి. పరదాలు దించి, మంచం కిటికీకి దూరంగా ఉందో లేదో చూసుకోండి. 2014 అక్టోబరు 12న విశాఖలో హుద్‌హుద్ గాలిని చూసినవాళ్లకు ఇది విడిగా చెప్పనక్కర్లేదు. వీడియో కోసం సముద్రం ఒడ్డుకు మాత్రం ఎవరూ వెళ్లకండి. 2025 సెప్టెంబరులో రాగసా తుపాను సమయంలో చై వాన్ దగ్గర ఒడ్డున ఉన్న కుటుంబాన్ని అల సముద్రంలోకి లాగేసింది. ఆ కుటుంబంలో అయిదేళ్ల పిల్లాడు కూడా ఉన్నాడు.

వానకు వేరే హెచ్చరికలున్నాయి: అంబర్ (ముదురు పసుపు), ఎరుపు, నలుపు. మన వాతావరణ శాఖ లెక్కలో ఎరుపే ఆఖరిది. అక్కడ ఎరుపు మీద నలుపు ఉంది. గంటకు 7 సెంటీమీటర్లు దాటే వానకు నలుపు వేస్తారు. 2023 సెప్టెంబరు 7 రాత్రి 11 గంటల నుంచి 12 లోపు ఒక్క గంటలో 15 సెంటీమీటర్లకు పైగా కురిసింది, 1884లో లెక్కలు మొదలయ్యాక అంతటి వాన లేదు. ఒక మెట్రో స్టేషన్లోకి నీళ్లు దూకాయి. దానికి వారం ముందే పదో నంబరు తుపాను వచ్చి వెళ్లింది. నలుపు వేసినప్పుడు మీరున్న భవనంలోనే ఉండిపోవాలి. హోటల్ రెండు వీధుల అవతలే ఉన్నా సరే. అక్కడి చాలా వీధులు కొండవాలు మీదివి, మెట్ల మీదుగా వచ్చే నీటి వేగానికి మనిషి నిలబడలేడు.

కాగితాల విషయంలో ఒక్క మాట. భారతీయులు 14 రోజుల దాకా వీసా లేకుండా ఉండొచ్చు, కానీ ముందుగా ఆన్‌లైన్లో రిజిస్ట్రేషన్ చేసుకోవాలి, దానికి రుసుము లేదు. సరిగ్గా 14వ రోజుకు తిరుగు టికెట్ పెట్టుకోకండి, విమానం రద్దయితే ఆ టెన్షన్ కూడా తోడవుతుంది. రాగసా సమయంలో వందల విమానాలు ఆగాయి. చెన్నైకో ఢిల్లీకో ఒక టికెట్, అక్కడి నుంచి విజయవాడకు వేరే టికెట్ కొనేవాళ్లు మధ్యలో ఒక రోజు వదిలిపెట్టండి. మొదటిది ఆలస్యమైతే రెండోదాని డబ్బు ఎవరూ తిరిగివ్వరు. ప్రయాణ బీమా కూడా బయల్దేరే ముందే తీసుకోండి. తుపానుకు పేరు పెట్టాక కొన్న బీమా ఆ తుపానుకు వర్తించకపోవచ్చు.

నంబరు ఎనిమిది నుంచి మూడుకి దిగగానే అన్నీ మొదలవవు. బస్సులు నెమ్మదిగా వస్తాయి, మాంగ్‌ఖుట్ మర్నాడు రోడ్ల మీద చెట్లు పడి స్టేషన్ల బయట జనం గంటల తరబడి నిలబడ్డారు. విమానాశ్రయానికి బయల్దేరే ముందు ఎయిర్‌లైన్ నుంచి కొత్త సమయం వచ్చిందో లేదో చూడండి. డ్రాగన్స్ బ్యాక్ లాంటి కొండదారులకు కొన్ని రోజులు వెళ్లకండి, తడిసిన మట్టి వాన ఆగాక కూడా జారుతుంది. ఏదైనా ప్రమాదం జరిగితే పోలీసుకైనా అంబులెన్సుకైనా నంబరు ఒకటే, 999.