పిన్ నంబర్ బుర్రలోంచి కాదు, పాచికతో తీయండి

ముందు ఒక కాగితం తీసుకుని, ఏ క్రమమూ లేకుండా, 0 నుంచి 9 లోపు అంకెలు గబగబా వంద రాయండి. రాశాక 44, 77 లాంటి జంటలు లెక్కపెట్టండి. ఏ అంకె తర్వాతైనా మళ్ళీ అదే వచ్చే అవకాశం పదిలో ఒకటి కాబట్టి సగటున పది దాకా ఉండాలి, కానీ చాలామంది రాసినవాటిలో అంతకంటే తక్కువే ఉంటాయి.

ఎందుకంటే ఇప్పుడే 4 రాశామని మనకి గుర్తుంటుంది, మళ్ళీ అదే రాస్తే కావాలని రాసినట్టు అనిపించి చెయ్యి వేరే అంకె మీదికి పోతుంది, ఇంతసేపటి నుంచి 8 రాలేదే అని దాన్ని తెచ్చి ఇరికిస్తాం. నాణేనికి ఇవేవీ గుర్తుండవు. వందసార్లు ఎగరేస్తే ఎక్కడో ఒకచోట వరుసగా ఐదుసార్లు బొమ్మో బొరుసో పడటం దాదాపు ఖాయం (97 శాతం అవకాశం). 1913లో మోంటీ కార్లో కేసినోలో రూలెట్ (ఎరుపు, నలుపు గడులున్న చక్రం తిప్పి బంతి ఎక్కడ ఆగుతుందో పందెం కాసే ఆట) బంతి వరుసగా 26 సార్లు నలుపు మీదే ఆగింది, ఇక ఎరుపే వస్తుందని పందెం పెంచుకుంటూ పోయినవాళ్ళు లక్షలు పోగొట్టుకున్నారు.

కాబట్టి పిన్ కావాలంటే లూడో పాచిక తీయండి. ఒక్కో అంకెకి రెండుసార్లు వేయాలి. మొదటిసారి 1, 2, 3లో ఏది పడినా "చిన్న", 4, 5, 6 పడితే "పెద్ద". రెండోసారి 6 పడితే లెక్కలోకి తీసుకోకుండా మళ్ళీ వేయండి. "చిన్న" అయితే రెండోసారి పడిందే మీ అంకె, "పెద్ద" అయితే దానికి 5 కలపండి, 10 వస్తే 0 అనుకోండి. ఇలా నాలుగు అంకెలు.

అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. 3373 వచ్చిందనుకోండి, ఇదేంటి బాగాలేదు అని మళ్ళీ వేయాలనిపిస్తుంది. దయచేసి వేయకండి, నచ్చినది వచ్చేదాకా వేస్తే అది మళ్ళీ మీ బుర్రలోంచి వచ్చిన నంబరే. 1234, 0000, పుట్టిన సంవత్సరం లాంటివి వస్తే మాత్రం మార్చుకోండి, దొంగ ముందు ప్రయత్నించేవి అవే.

పాచిక లేకపోతే పది చీటీలు చాలు, కానీ తీసిన చీటీని మళ్ళీ గిన్నెలో వేసి ప్రతిసారీ బాగా కలపాలి. అమెరికాలో 1969 డిసెంబర్‌లో సైన్యంలోకి ఎవరిని ముందు పిలవాలో పుట్టినరోజుల లాటరీ తీస్తే, సరిగ్గా కలపకపోవడంతో ఏడాది చివరి నెలల్లో పుట్టిన కుర్రాళ్ళకే ముందు పిలుపు వచ్చే నంబర్లు ఎక్కువగా పడ్డాయి.