సినిమాల్లో, సీరియళ్లలో వేషాలు సంపాదించుకోవడం ఎలా?

హీరో అవ్వడం ఎలా అన్నది ఇక్కడ దొరకదు. దానికంటూ ఒక పద్ధతి ఉంటే ఈపాటికి సినిమావాళ్లుండే హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఎవరో ఒకరు పుస్తకం వేసి అమ్ముకునేవారు. నేను చెప్పేది మామూలు సంగతి. హీరోయిన్ బాబాయి, ఎస్సై, అత్తగారు, ఆఫీసులో స్నేహితుడు, ఊరి సర్పంచి లాంటి వేషాలు వేస్తూ, ఆ డబ్బులతో ఇల్లు గడుపుకునే నటులు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒకరు కావాలంటే ఏం చేయాలో చూద్దాం.

1. ముందు ఇంటద్దె సంగతి తేల్చుకోండి

ఫొటోలు, ఆడిషన్లు తర్వాత. వేషాలు లేని నెలల్లో ఎలా బతుకుతారు అన్నది మొదటి ప్రశ్న. కోట శ్రీనివాసరావు గారు బ్యాంకు ఉద్యోగం చేస్తూ నాటకాలు వేసినవారు. 1978లో తొలి సినిమా విడుదలైనా, జనం నోళ్లలో ఆయన పేరు నానింది 1985లో ‘ప్రతిఘటన’ వచ్చాకే. విజయ్ దేవరకొండ 2011లోనే తెర మీద కనిపించాడు, ‘పెళ్లిచూపులు’ 2016లో వచ్చింది. నిలదొక్కుకున్నవాళ్లకే ఇన్నేళ్లు పట్టింది. కాబట్టి ఐదేళ్లు అనుకుని లెక్క వేసుకోండి. ఆరు నెలల్లో తేల్చేస్తానని ఉద్యోగం మానేసి రైలెక్కడం తెగింపుగా కనిపిస్తుంది గానీ, ఏడో నెలలో ఎవరు ఏ వేషం ఇస్తామన్నా, ఎంత ఇస్తామన్నా ఒప్పుకోవాల్సి వస్తుంది.

పరిశ్రమలోనే ఏదో ఒక పని పట్టుకోగలిగితే ఇంకా మంచిది. రవితేజ, నాని ఇద్దరూ సహాయ దర్శకులుగా పనిచేసి వచ్చినవాళ్లే. రాజేంద్రప్రసాద్ గారు మొదట్లో డబ్బింగ్ చెప్పారు. గొంతు బాగుంటే డబ్బింగ్‌కు ఇప్పటికీ పని ఉంది. సీరియళ్లలో పెద్ద పాత్రలు వేసే అమ్మాయిల్లో కర్ణాటక నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ, వాళ్లకు తెలుగు గొంతు కావాలి.

2. ఏ వేషానికి పనికొస్తారో తెలుసుకోండి

మిమ్మల్ని కొత్తగా చూసినవాళ్లు మీరేం పని చేస్తారనుకుంటారు? పోలీసా, బ్యాంకు గుమస్తానా, రౌడీనా, టీచరమ్మా? స్నేహితుల్ని మొహమాటం లేకుండా చెప్పమనండి. జవాబు నచ్చకపోవచ్చు, అయినా మొదటి వేషం అటువైపు నుంచే వస్తుంది. వయసు కూడా మీ సర్టిఫికెట్‌లో ఉన్నది కాదు, కెమెరాలో కనిపించేదే లెక్క.

యాసను దాచుకోకండి. ఒకప్పుడు నటనంటే ముందు యాస పోగొట్టుకోమనేవారు. ‘ప్రతిఘటన’లో కోట గారి పాత్రకు ఊపిరి పోసింది తెలంగాణ మాటే. శ్రీకాకుళం, చిత్తూరు, కరీంనగర్, గోదావరి మాటల్లో మీ ఊరిది కల్తీ లేకుండా వస్తే అది మీ ఆస్తి. దాంతోపాటు పత్రికల్లో రాసే తెలుగు కూడా తడబడకుండా పలకగలగాలి, ఎందుకంటే సీరియల్ రచయితలు ఎక్కువగా రాసేది అదే.

3. నేర్చుకోండి, కానీ చూసి చేరండి

చిరంజీవి, రాజేంద్రప్రసాద్ మద్రాసు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్నారు. ఇప్పుడైతే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల కళల శాఖ, అన్నపూర్ణ స్టూడియోస్ వారి కాలేజీ లాంటివి ఉన్నాయి. వీధికొకటి వెలసిన ప్రైవేటు శిక్షణ కేంద్రాల్లో మంచివీ ఉన్నాయి, గోడనిండా హీరోల ఫొటోలు తప్ప ఏమీ లేనివీ ఉన్నాయి. చేరేముందు ఒక్కరోజు క్లాసులో కూర్చోనివ్వమని అడగండి. కెమెరా ముందు ఒక్కో విద్యార్థితో ఎంతసేపు చేయిస్తున్నారో గమనించండి. ‘కోర్సు అవగానే వేషం గ్యారంటీ’ అంటే లేచి వచ్చేయండి.

చేతిలో డబ్బు లేకపోతే పరిషత్తు నాటకాల వాళ్ల దగ్గరికి, అంటే నాటక పోటీల్లో ఆడే బృందాల దగ్గరికి వెళ్లండి. జీతం ఉండదు, రిహార్సల్‌కు టీ మాత్రం ఉంటుంది. కానీ పేజీలకు పేజీలు డైలాగు గుర్తుపెట్టుకోవడం, ఎదుటివాడు మాట్లాడుతుంటే వినడం అక్కడ వచ్చినట్టు మరోచోట రాదు.

4. ఆడిషన్ వీడియో

ఇప్పుడు చాలా వేషాలకు మొదటి వడపోత ఫోన్‌లోనే జరుగుతోంది. కోడైరెక్టరో, కాస్టింగ్ చూసే అసిస్టెంటో భోజనం చేస్తూ, కారులో వెళుతూ వందల వీడియోలు తిప్పుతుంటాడు. మీకు దొరికేవి మొదటి పది సెకన్లే.

సాదా గోడ ముందు నిలబడండి. కిటికీ మీ ఎదురుగా ఉండాలి, వెనక ఉంటే ముఖం నల్లగా పడుతుంది. ఫోన్ అడ్డంగా, మీ కళ్ల ఎత్తులో పెట్టండి. ఫ్యాన్ ఆపేయండి, ఆ గరగర మీ డైలాగును మింగేస్తుంది. ముందు పేరు, ఊరు, ఎత్తు, వచ్చే భాషలు, ఇదివరకు చేసిన పని చెప్పండి. కుడివైపు, ఎడమవైపు ఒకసారి తిరిగి చూపించండి. నమస్కారాలు, దేవుళ్లు, అభిమాన హీరో ప్రస్తావన అక్కర్లేదు.

డైలాగు చెప్పేటప్పుడు లెన్సులోకి చూడకండి. దానికి పక్కనే ఒక మనిషిని నిలబెట్టి వాళ్లతో మాట్లాడండి. ఆ మనిషి ఎదుటి పాత్ర మాటలు మామూలుగా చదివితే చాలు, నటించక్కర్లేదు. వాళ్లూ నటిస్తే మీకంటే వాళ్లే బాగా వినిపిస్తారు. ఎదుటి మాట వింటున్నప్పుడు మీ ముఖంలో ఏం జరుగుతోందన్నదే చూసేవాడికి కావాలి. కొత్తవాళ్లు తమ డైలాగు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తుంటారు, అది కళ్లల్లో తెలిసిపోతుంది. పాపులర్ సినిమా డైలాగును ఆ హీరోలాగే చెప్పి పంపడం మరో జబ్బు. అది మిమిక్రీ అవుతుంది, ఆడిషన్ కాదు. ఫైలుకు మీ పేరు, వయసు, ఫోన్ నంబరు పెట్టి పంపండి.

ఫొటోలకు అప్పు చేయకండి. మేకప్ లేకుండా ముఖం ఒకటి, నిలువెత్తు ఒకటి, చీరలోనో పంచెలోనో ఒకటి, ప్యాంటులో ఒకటి చాలు. గడ్డం తీసేసినా, జుట్టు కత్తిరించినా కొత్తవి తీయండి.

5. పిలుపు ఎక్కడి నుంచి వస్తుంది?

నిర్మాణ సంస్థల ఆఫీసులు, మేనేజర్లు, నటులకు వేషాలు కుదిర్చే కోఆర్డినేటర్లు, అన్నిటికీ మించి అప్పటికే పనిచేస్తున్న అసిస్టెంట్ డైరెక్టర్లు. ఈరోజు షార్ట్ ఫిల్మ్ తీస్తున్న కుర్రాడే రేపు దర్శకుడు. నటుడు సుహాస్ యూట్యూబ్ షార్ట్ ఫిల్ముల నుంచి 2020లో ‘కలర్ ఫొటో’ దాకా వచ్చాడు. మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్, అంటే ‘మా’, సభ్యత్వం వేషాలు వచ్చాక ఆలోచించాల్సిన సంగతి.

ఒక్క నియమం మాత్రం గట్టిగా పెట్టుకోండి: వేషం కోసం డబ్బు కట్టవద్దు. రిజిస్ట్రేషన్ ఫీజు, కార్డు ఫీజు, కాస్ట్యూమ్ డిపాజిట్, పేరేదైనా సరే. నిజమైన కోఆర్డినేటర్ మీ పారితోషికంలోంచి కమీషన్ తీసుకుంటాడు, అదీ పని అయ్యాక. ఆడిషన్ ఆఫీసులో, పగటిపూట జరగాలి. రాత్రి హోటల్ గదికి రమ్మంటే అది ఆడిషన్ కాదు. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి సంస్థలోనూ లైంగిక వేధింపులపై ఫిర్యాదు తీసుకునే అంతర్గత కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం చెబుతోంది. సినిమా కంపెనీకి మినహాయింపేమీ లేదు.

పిల్లల్ని నటింపజేయాలనుకునే తల్లిదండ్రులకు ఒక మాట. రోజుకు ఐదు గంటలకు మించి, విరామం లేకుండా మూడు గంటలకు మించి పిల్లలతో పని చేయించకూడదు. నిర్మాత కలెక్టర్ దగ్గర అనుమతి తీసుకోవాలి. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరిట బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. ఇవి కేంద్రం పెట్టిన నిబంధనలు.

6. సెట్ మీద

సీరియల్ సెట్ మంచి బడి. అందులో వేగం ఎక్కువ. సీన్ పేపరు పొద్దున్నే చేతికొస్తే అదృష్టం, చాలాసార్లు షాట్‌కు కాసేపటి ముందు వస్తుంది. కెమెరా పక్కన అసిస్టెంట్ నిలబడి డైలాగు ముక్కలు ముక్కలుగా అందిస్తుంటాడు. అతను ఒక ముక్క అందించడం, మీరు అనడం, మళ్లీ ఇంకో ముక్క. ఆ ప్రాంప్టింగ్‌కు అలవాటు పడితే బండి నడుస్తుంది గానీ, సినిమా ఆడిషన్‌కు వెళ్లినప్పుడు గొంతు ఆగి ఆగి వస్తుంది. అందుకే సీన్ పేపరు ఎంత ఆలస్యంగా వచ్చినా కంఠస్థం చేసే ప్రయత్నం మానకండి.

కంటిన్యుటీ మీ బాధ్యత కూడా. ఒక సీన్ సగం ఈరోజు, మిగతా సగం వారం తర్వాత తీయవచ్చు. బొట్టు ఏ సైజు, గాజులు ఎన్ని, చేతి గడియారం ఏ చేతికి, పైట ఏ మడత, అన్నీ షాట్ అవగానే మీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. బట్టలు మీరే తెచ్చుకోవాల్సిన చిన్న వేషాల్లో ఆ చొక్కా ఉతికి విడిగా ఉంచండి. పెళ్లికి వేసుకుని కూర మరక చేసుకుంటే ఎపిసోడ్ మధ్యలో దొరికిపోతారు.

చెప్పిన టైముకు పావుగంట ముందుండండి. రోజంతా కుర్చీలో కూర్చోబెట్టి చీకటిపడ్డాక ఒక్క షాట్ తీసినా ముఖం మాడ్చుకోకండి. మేనేజర్ రేపు ఎవరికి ఫోన్ చేయాలో ఆ సాయంత్రమే నిర్ణయించుకుంటాడు.

7. డబ్బు

రోజుకు ఎంత, నెలకు ఎన్ని రోజుల డేట్లు, రాత్రి పొద్దుపోతే అదనం ఉందా, కన్వేయన్స్, అంటే రానూపోనూ ఖర్చు, ఎవరిది అన్నవి మొదటి రోజుకు ముందే మాట్లాడుకోండి. నోటిమాటే అయినా, ‘మనం అనుకున్నట్టు రోజుకు ఇంత కదా అండీ’ అని వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి, సరేనని జవాబు వస్తే చాలు. సీరియల్ సంతకం చేసేముందు, అది నడిచినంతకాలం వేరే ఛానెల్‌లో కనిపించకూడదన్న షరతు ఉందేమో చదవండి. పనిచేసిన ప్రతిరోజూ తేదీ, సీన్ నంబరు, వెళ్లిన టైము, వదిలిన టైము నోట్‌బుక్‌లో రాసుకోండి. బాకీ అడిగేటప్పుడు గొంతు పెంచడం కంటే ఆ పేజీ ఎక్కువ పనిచేస్తుంది.

నటుల పారితోషికంలో మామూలుగా 10 శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే ఆదాయపు పన్ను, కోసి మిగతాది ఇస్తారు. ఆ కోసిన సొమ్ము మీ పాన్ మీద జమయిందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూసుకోండి. ఏడాది ఆదాయం పన్ను కట్టేంత లేకపోతే రిటర్ను వేస్తే అది తిరిగి వస్తుంది. ఆ రిటర్నులు దాచి ఉంచండి, జీతం చీటీ లేని నటుడు బ్యాంకు లోనుకు వెళ్లినప్పుడు చూపించేది వాటినే.