విశాఖలో చేపల బోటుకు రిజిస్ట్రేషన్, నంబరు రాయించడం

రిజిస్ట్రేషన్, వేట లైసెన్సు రెండూ వేర్వేరు. లైసెన్సు 1994 నాటి రాష్ట్ర సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద ఇస్తారు. ఒకటి ఉంది కదా అని రెండోది వదిలేస్తే తనిఖీలో దొరికిపోతారు.

రిజిస్ట్రేషన్ దరఖాస్తు చేపల బోట్ల కోసం ఉన్న ప్రభుత్వ వెబ్‌సైట్ రియల్‌క్రాఫ్ట్ పోర్టల్‌లో. ఆధార్, బోటు కట్టిన యార్డు ధ్రువపత్రం, ఇంజిన్ బిల్లు దగ్గర పెట్టుకోండి. ఆ తర్వాత మత్స్యశాఖ వాళ్లు వచ్చి బోటు కొలతలు, ఇంజిన్ నంబరు చూస్తారు. ఎక్కువగా ఆగేది ఇక్కడే: పాత ఇంజిన్ మార్చి, కాగితాల్లో మార్చరు. ఇంజిన్ మీది నంబరును గ్రీజు తుడిచి ముందే బిల్లుతో సరిచూసుకోండి.

విశాఖ మరబోటు నంబరు ‘ఐఎన్‌డి-ఏపీ-వీ5-ఎంఎం’తో మొదలవుతుంది. బోటు మీద ఇంగ్లిష్ అక్షరాల్లోనే, ముందువైపు రెండు పక్కలా పెద్దగా రాయించండి. కేబిన్ పైకప్పు మీదా ఉంటే సముద్రం మీద గస్తీ తిరిగే హెలికాప్టర్‌కు కనిపిస్తుంది. ముదురు రంగు మీద తెలుపు బాగా ఆనుతుంది. పెయింటు ఊడేది సాధారణంగా ఉప్పు వల్లే. మంచినీళ్లతో కడిగి, ఆరాక గరుకుకాగితం రుద్ది, ప్రైమర్ వేశాకే రాయించాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లు ఎలాగూ ఒడ్డునే ఉంటాయి; ఈ పనికి అంతకన్నా మంచి సమయం దొరకదు.

బోటు అమ్మితే యజమాని పేరు మార్పించండి. లేదంటే కొత్తాయన చేసిన ఉల్లంఘనకు నోటీసు మీ ఇంటికొస్తుంది.